పందొమ్మిది అర్జెంట్ మెయిళ్లు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఆ కోపంతోనే మూడేండ్ల కింద నాయిన నంబరు బ్లాక్ చేసిన. చెప్పకుండ రిజిస్టర్ పెండ్లి చేసుకున్నందుకు గడప మీద నిలబెట్టి నాలుగు మాటలన్నడు. ఆయన అంటే నేను ఊకుంటనా? తెల్లాపూర్‌ల ఫ్లాట్ కిరాయికి తీసుకొని, మళ్ల నాయిన ఉండే బాలానగర్ దిక్కు చూడలే. ఫోన్ బంద్ చేసింది నేనే గని, ఏదో ఒక తొవ్వల కబురు పెడ్తడేమోనని ఎదురుచూసిన. ఏడ్చిన కూడ. ఏ కబురూ రాలే. రాతి గుండె మనిషి అనుకున్న.

హైటెక్ సిటీల మా టీం పని సర్వర్లను కనిపెట్టుకొని ఉండుడు. సర్వర్ జర నలతపడ్డా చాలు, పైన 'అర్జెంట్' అని మెయిల్ వచ్చి పడ్తది. రోజుకు వందలల్ల వస్తయి. అందుకే కొత్తగ చేరినోళ్లకు మొదటి రోజే, చాయ్ మిషన్ ఏడుందో చెప్పకముందే, మెయిల్‌ల ఒక రూల్ పెట్టుడు నేర్పిస్తం. అర్జెంట్ అని ఉన్న ప్రతి మెయిల్ చదివినట్టు గుర్తు పడి, దానంతటదే సీదా ఒక ఫోల్డర్లకు పోవాలె. నిజంగ కొంపలు మునిగేదుంటే ఫోన్ ఎట్లాగూ మోగుతది. ఆ ఫోల్డర్ ఎవ్వరం తెరువం.

మొన్న నా మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఒక్క మెయిల్ బయటికి పోతలేదు. ఆఫీసుల కొత్తగ ఏఐ అసిస్టెంట్ ఇచ్చిండ్రు. లంచ్‌కు లేవబోతూ, ఆ ఫోల్డర్ మొత్తం డిలీట్ చెయ్యి, మళ్ల మళ్ల అడగకు అని టైపు కొట్టిన. తిని వచ్చేసరికి సాఫ్ అయి ఉంటదనుకున్న. వచ్చి చూస్తే పని అట్లనే ఉంది, స్క్రీన్ మీద ఒక ప్రశ్న ఉంది.

"ఈ ఫోల్డర్‌లో దాదాపు అన్నీ సర్వర్లు పంపినవే. పందొమ్మిది మాత్రం ఒక మనిషి రాసినట్టున్నాయి, అన్నీ ఒకే అడ్రసు నుంచి. మీరు వేటికీ జవాబు ఇవ్వలేదు. వాటిని పక్కన ఉంచి, మిగతావి ట్రాష్‌లోకి పంపమంటారా?"

మస్తు చిరాకు లేచింది. అడగకు అన్నంక అడుగుడేంది, దీనికెందుకు పెత్తనం అనుకున్న. అన్నీ తీసెయ్ అని కొట్టబోతూ అడ్రసు చూసిన. నాయినది.

నాయిన బాలానగర్‌ల ఒక వర్క్‌షాపుల ముప్పై ఏండ్లు లేతు మిషన్ మీద చేసిండు. అక్కడ పని వివరం రాసే జాబ్ కార్డు మీద ఎర్ర పెన్నుతోని అర్జెంట్ అని రాయకుంటే ఆ పని ఎవ్వరూ ముట్టరు. ఆ అలవాటుకు ఆయన నా స్కూల్ లీవ్ లెటర్ మీద కూడ అర్జెంట్ అని రాసేటోడు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. నా మొదటి విజిటింగ్ కార్డు బైబిల్ల పెట్టుకున్నడు. దాంట్ల మెయిల్ అడ్రసు చూసి రాసినట్టుంది.

ఒక్కొక్కటే తెరిచిన. 'అర్జెంట్. తిన్నవా బిడ్డా. ప్రభువు నామమున వందనాలు.' 'అర్జెంట్. అల్లుడు మటన్ తింటడా? క్రిస్మస్‌కు తెస్త.' 'అర్జెంట్. ఆ దినం నేనన్నది తప్పు.' ఆఖరిది పోయిన వారంది. 'అర్జెంట్. కండ్లు మసకైనయి. దవాఖానల ఆపరేషన్ అంటున్నరు. నాకు భయమైతుంది. ఒక్కసారి వస్తవా.'

మూడేండ్లు నాయిన మాటలను మింగింది మెషినే, నేను చెప్పింది చెప్పినట్టు చేసి. ఇప్పుడు ఆగి ఒక్క మాట అడిగింది కూడ మెషినే. అన్ని వేల సర్వర్ల మొత్తుకోళ్ల నడుమ ఒక మనిషి రాసిన ముక్కను అదెట్ల పట్టిందో నాకు ఇప్పటికీ అంతువట్టదు. నేను 'అన్నీ తీసెయ్' అని కొట్టి ఉంటే అవి కూడ పోయేటియి. స్క్రీన్‌కు దండం పెట్టబుద్ధయింది, పక్క సీటోళ్లు చూస్తరని ఊకున్న.

ఆ పందొమ్మిది ఉంచు, మిగతావి తీసెయ్ అని చెప్పిన. నాయిన నంబరు మీద బ్లాక్ తీసి, లిఫ్ట్ కోసం ఆగకుండ మెట్లు దిగి, గేటు కాడ నిలబడి ఫోన్ చేసిన.

"ఎవరు?" అన్నడు. కండ్లు ఆనక పేరు చదవలేకపోయిండు.

"నేనే, నాయినా."

నాయిన మెల్లగ అన్నడు.

"అర్జెంట్ అని రాసిన గద బిడ్డా. ఇంత లేటా?"