సేఫ్టీకి కప్పిన శాలువా

రెండేళ్ల క్రితం పటాన్‌చెరు దగ్గర తలుపులు చేసే వర్క్‌షాపులో, చెక్క మీద డిజైన్లు చెక్కే సీఎన్సీ రౌటర్ మెషిన్ నడపడం నేర్చుకున్నాను. నేర్పిన సలీం భాయ్ మొదటి రోజే నా చేతి దారం తీయించాడు.

"మెషిన్ కాడ ఒంటి మీద ఏదీ యాలాడొద్దు. పానం పోతది" అన్నాడు.

శిక్షణ పూర్తయ్యాక, భద్రంగా నేర్చుకున్నానని ఓనర్ గారు నాకు శాలువా కప్పి సన్మానం చేశారు. "ఇగ మెషిన్ చాలూ చెయ్. ఫొటోల చెక్క పొట్టు లేస్తున్నట్టు కనవడాలె" అన్నారు.

"శాలువా తీయ్ ముందు!" అని సలీం భాయ్ అరిచాడు.

"ఫొటో అయ్యేదాంక ఉండనీ భాయ్" అన్నారు ఓనర్ గారు.

తీస్తే ఆయనకు అవమానమని శాలువాతోనే స్విచ్ నొక్కాను. గిర్రున తిరుగుతున్న, చెక్కను చెక్కే బిట్టు శాలువా అంచును అందుకుంది. మెడ బిగుసుకుని, తల బల్ల మీదికి వంగిపోయింది. సలీం భాయ్ ఉరికొచ్చి మెషిన్ ఆపే ఎర్ర బటన్ గుద్దాడు. బిట్టుకీ నా ముఖానికీ మధ్య జానెడు దూరం మిగిలింది.

"ఫొటో వచ్చిందా?" అన్నారు ఓనర్ గారు.

వచ్చింది. ఇప్పుడది 'భద్రతే ముఖ్యం' బోర్డు కింద వేలాడుతోంది. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా ఓనర్ గారు దాన్ని చూపిస్తారు. "సూడుండ్రి, మెషిన్‌కు ఎట్ల దండం పెడుతున్నడో! పనంటే గింత భక్తి ఉండాలె."

పక్కన నిలబడి నేను మెడ తడుముకుంటాను.