వేలిగోటికి తగిలిన గీత

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకే గుర్తులేదు. వీధంతా సానక్క అనేది. తమ్ముడు కొలిమిలో కత్తులు సాగదీసేవాడు, పక్కగదిలో ఆమె వాటికి మెరుగు పెట్టేది. ఇద్దరికీ కోపం ముక్కు మీదే. మధ్యలో గోడ ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అన్ని కత్తుల మధ్య ఏమయ్యేదోనని వీధిలో వేళాకోళం.

సానక్కకి కడుక్కోవడం ఒక పిచ్చి. గరుకురాయి మీంచి నునుపురాయికి మారేముందు కత్తీ, పీటా, చేతులూ, చివరికి మోచేతులూ కడిగేది. ముందు రాయి రేణువు ఒక్కటి వెంట వచ్చినా చాలు, అంతవరకు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆఖర్న రాతిపొడిని నూనెలో కలిపి, పసిబిడ్డకి తల అంటినట్టు బొటనవేలితో రుద్దేది.

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది ఒక వంటమాస్టరు చేయించుకున్న కత్తి. నునుపురాయి మీద గీతలన్నీ చెరిగిపోయాక ఒక్కటి మిగిలింది. మళ్ళీ రుద్దింది. పోలేదు. వెంట్రుకంత పగులు, అంచు నుంచి లోపలికి పాకింది. కాల్చిన ఉక్కును నీళ్ళలో ముంచితేనే కత్తి గట్టిపడుతుంది. కాలడం మోతాదు మించితే ఇలా పగులుతుంది. ఆ మోతాదు చెప్పేది నిప్పులో ఉక్కు రంగే. తమ్ముడి చేతిలో ఆ తప్పు జరగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఉక్కుసూదితో అణగరుద్ది, పైన నల్లపొడి పట్టిస్తే ఎవరికీ కనపడదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు. తమ్ముడి పరువు తనది కాదా? సూది చేతిలోకి తీసుకుంది కూడా. కానీ ఆ కత్తి ఏదో ఒకనాడు వంటమాస్టరు చేతిలోనే విరుగుతుంది. సూది పడేసి, తిట్లన్నీ సిద్ధం చేసుకుని కొలిమి దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేశావో చూడరా!"

తమ్ముడు కత్తిని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. పగులు అతని కళ్ళెదుటే ఉంది.

"బాగానే ఉంది కదక్కా. అద్దంలా ఉంది."

ఆమె తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. అతని చెయ్యి పట్టుకుని, బొటనవేలి గోటిని కత్తి మీద మెల్లగా లాగింది. గోరు ఒకచోట ఆగింది.

"ఎన్నాళ్ళనుంచిరా?"

"కళ్ళు మసకేసి, నిప్పు రంగు తెలీక చాలాకాలమైంది. అలవాటు మీద లాక్కొస్తున్నా. నువ్వు పట్టేస్తావని రోజూ భయమే." కత్తిని పక్కన పెట్టి, "సుత్తి దించెయ్యమంటావా అక్కా?" అన్నాడు.

అతనికి సుత్తి తప్ప మరో లోకం తెలీదు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుపొస్తే సానక్క అరుస్తుంది.

"నువ్వు దించేస్తే నేను ఈ రాళ్ళమీద బట్టలుతుక్కోవాలా? రంగేదో చెప్పి చావు. నేను చూస్తా."

ఆ కత్తిని విరిచేసి, కాస్త ఆలస్యమవుతుందని వంటమాస్టరుకి కబురు పెట్టారు. మర్నాటికి ఇంకో కత్తి నిప్పులో ఉంది.

"పండు నారింజ తొక్క రంగు. అంతకి మించి తెల్లబడకూడదు," అన్నాడు తమ్ముడు.

ఆమె సెగకి కళ్ళు చికిలించుకుని చూసింది. తన మాట తప్పయితే ఈ కత్తి కూడా పోతుంది, దాంతోపాటు వీడి సుత్తీ పోతుంది.

"వచ్చిందా?"

"ఉండు."

"అక్కా, వచ్చిందా?"

"ఉండమన్నానా!"

ఉక్కు అంచున రంగు తిరిగింది.

"తియ్యరా."

తమ్ముడు నిప్పు వైపు చూడనైనా లేదు. కళ్ళు మూసుకుని, కత్తిని నీళ్ళలో ముంచాడు.