మేనేజరు గారికి మంగలికత్తి

ఒక్క పుట్టినరోజు బహుమతితో ఒక కాపురాన్ని కూల్చబోయి, నా ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టుకున్న సంగతి చెప్తాను. ఇప్పుడు మీరు నవ్వినా ఫరవాలేదు. అప్పుడు నవ్వి ఉంటే కొట్టేవాణ్ణి.

బర్మాలో బోటాటౌంగ్ రేవు దగ్గర ఒక గోదాము ఆఫీసులో గుమస్తాగా చేరి అప్పటికి ఆరు నెలలైంది. ఉద్యోగం ఖాయం కావాలంటే మేనేజరు ఊ టిన్ సంతకం పడాలి. సరిగ్గా అప్పుడే ఆయన పుట్టినరోజొచ్చింది. నాకేమో ఇంగ్లీషు పిచ్చి. ఫోన్లో నేర్చుకున్న మాటని మర్నాటికల్లా ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే అన్నం సహించేది కాదు. ఆ వారం దొరికింది "షార్ప్ యాజ్ ఎ రేజర్". కత్తికైతే పదును, మనిషికైతే చురుకైన బుర్ర. రెండర్థాలూ ఒకే పొట్లంలో కట్టిస్తే ఆయన మురిసిపోడూ? పజుండౌంగ్ బజార్లో ఒక మడత మంగలికత్తి కొని, "మీ బుర్ర ఇలాంటిది" అని చీటీ రాసి, ఎర్ర కాగితం చుడుతున్నాను. మా అమ్మ చూసింది.

"ఏట్రా అది?"

"మా మేనేజరుకి బహుమతి."

"మంగలికత్తా! నీకేటి మతి పోనాదేట్రా? ఇంట్లో మనిషి పోతేగానీ దాని పేరెత్తరు!"

"ఆయన బర్మావాడమ్మా. మన పట్టింపులు ఆయనకుండవు."

నిజమే, మన పట్టింపులుండవు. కానీ ఆయనవి ఆయనకుంటాయిగా! బౌద్ధ సన్యాసం పుచ్చుకునేవాళ్ళకిచ్చే ఎనిమిది వస్తువుల్లో మంగలికత్తి ఒకటని ఈ ఊళ్ళో పుట్టిన నాకు తెలియదా? కాషాయం, భిక్షాపాత్రల పక్కన వందసార్లు చూశాను. చూసి ఏం లాభం, బుర్రంతా ఇంగ్లీషే.

ఆఫీసులో అందరి ముందూ ఊ టిన్ పొట్లం విప్పారు. పక్కనే ఉన్న ఆయన భార్య డో ఖిన్ మొహం పాలిపోయింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏమిటండీ?"

"మఠంలో చేరతానని ఈయన నెల్లాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నాడు. నేను ఒప్పుకోలేదు. నువ్వు ఏకంగా కత్తే తెచ్చావా?"

"అయ్యో, ఇది ఆయన బుర్ర గురించండీ!"

"గుండు కొట్టేది బుర్రకే కదయ్యా!"

ఊ టిన్ మాత్రం కత్తిని కళ్ళకద్దుకున్నారు. "అడక్కుండా వచ్చిందంటే ఇది పిలుపే. ఇక నువ్వు కాదనకూడదు," అన్నారు భార్యతో. పాపం, ఆవిడ కాదనలేకపోయింది. ఆయన మర్నాడే మఠానికి వెళ్ళిపోయారు. నా కాగితం సంతకం లేకుండా ఆయన బల్ల మీదే పడుంది.

అక్కణ్ణించి డో ఖిన్ రోజూ ఫోన్. "బల్బు పోయింది, వచ్చి మార్చు." "బియ్యం బస్తా మూడో అంతస్తుకి ఎక్కించాలి." ఇదేమిటండీ అంటే, "కత్తిచ్చింది నువ్వే కదా!" ఆయన మఠంలో ఉన్న మూడు వారాలూ పెళ్ళి కాకుండానే సంసారం చేశాను. ఇక్కడ కొన్నాళ్ళు కాషాయం కట్టి తిరిగొచ్చేసేవాళ్ళే ఎక్కువ, కానీ ఆయన విడవకపోతే నా గతేమిటని నిజంగా భయమేసింది.

చివరికి ఊ టిన్ ఆఫీసుకొచ్చారు. నున్నటి గుండు, దాని మీద మూడు గాట్లు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"రామూ, నీ కత్తితో మూడుసార్లు గీకినా ఒక్క వెంట్రుక తెగలేదు. పక్క మఠం నించి వేరే కత్తి తెప్పించారు." గాట్లు తడుముకున్నారు. "నా బుర్ర దానిలాంటిదేనా?"

నేను కాగితాన్ని ఆయన ముందుకి ఇంకాస్త జరిపాను.

"సరేలే. ఇంత మొద్దు బుర్రకి గుమస్తా లేకపోతే ఎలా?" అని సంతకం పెట్టేశారు.

ఆ పూటే మా ఇలవేల్పు ఎదట ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరి తెలివినీ పొగడను. తప్పనిసరైతే, ముందు కత్తిని నా ముంజేతి మీద గీసి చూసుకున్నాకే పొగుడుతాను.