కిటికీలు తెరిచిన కొలిమి

ముర్తినాకి కుడి చెవి వినపడదు. కొలిమి దగ్గర ఆమె కూర్చునే చోటికి కుడిపక్కనే సమ్మెటలు పడతాయి. ఏళ్ళ తరబడి పడీ పడీ ఆ చెవిని తినేశాయి. ఎడమది మాత్రం బాగానే పనిచేస్తుంది. జతిలోర్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆమెతో పనున్నవాళ్ళు ఎడమపక్కకొచ్చి కూర్చుంటారు. వెనకాల వెలిసిన కాలనీవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు ఫిర్యాదు పట్టుకొచ్చినప్పుడల్లా ఆమె ఎంతో మర్యాదగా తల వంచి కుడి చెవి అటు పెట్టేది. వాళ్ళు చెప్పాల్సిందంతా చెప్పేవాళ్ళు. "అలాగే. టీ తాగి వెళ్ళండి" అనేది ఆమె.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే వదినా," అని నవ్వేవాడు మరిది సర్ది.

"శంఖమైతే వినపడేదోయ్. వీళ్ళు గొణుగుతారు."

ఆ కొలిమిలో చేసేది జేగంటలు. తోలుబొమ్మలాట మేళంలో అందరికన్నా వెనక వేలాడుతూ, పాట చుట్టు తిరిగి వచ్చినప్పుడు ఒక్కసారి గుమ్మనే పెద్ద కంచు గంట ఉంటుందే, అది. రొట్టెలా పోత పోసిన కంచుముద్దని నిప్పుల్లో ఎర్రగా కాల్చి బయటికి లాగుతారు. నలుగురు మగాళ్ళు చుట్టూ నిలబడి వరసగా సమ్మెటలు వేస్తారు. ఒకడిది లేస్తుంటే ఇంకొకడిది పడాలి. ఎర్రగా ఉన్నంతసేపే దెబ్బ. నల్లబడ్డాక కొడితే పగులుతుంది. పగిలిందా, కరిగించి మళ్ళీ మొదటినుంచీ. ఆ ఎరుపు చీకట్లో తప్ప కంటికి సరిగ్గా ఆనదు. అందుకే తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎండెక్కేసరికి చాలిస్తారు. ఎప్పుడు లాగాలో చెప్పేది ముర్తినా.

మొగుడు కర్తోనో బతికుండగా ఆ చోటు అతనిది. అతను పోయాక ఆమె అక్కడ కూర్చుంటే, ఆడది నిప్పు దగ్గర కూర్చుంటే గంటలన్నీ పగులుతాయని ఊళ్ళో అన్నారు. పగల్లేదు. ఆ మాటన్నవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఆమె దగ్గరే సమ్మెట వేస్తున్నారు.

ఆమెదీ ఈ ఊరు కాదు. ఎక్కడో అరటితోటల మధ్య నిశ్శబ్దంగా ఉండే పల్లె నుంచి కోడలిగా వచ్చింది. పెళ్ళయిన మర్నాడు తెల్లవారుజామున గోడలు అదిరిపోతుంటే భూకంపమనుకుని జుట్టు విరబోసుకుని వీధిలోకి పరిగెత్తింది. గుమ్మంలో కూర్చుని అల్లం టీ తాగుతున్న అత్తగారు, "భూకంపం కాదే పిల్లా, నీ మొగుడు," అంది.

కొలిమి వెనక గోడకి ఆనుకుని అప్పట్లో వరిపొలాలుండేవి. వాటిని ఎక్కడివాళ్ళో కొన్నారు, పూడ్చారు, ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్ళు కట్టారు. ముందు పెద్ద గేటు పెట్టి 'గ్రియా తెంత్రెమ్' అని రాయించారు. తెంత్రెమ్ అంటే ప్రశాంతం. ఇళ్ళు అమ్ముడుపోయాయి, జనం దిగారు, ఇంకో వారం తిరక్కుండానే అందరి సంతకాలతో మొదటి ఫిర్యాదు వచ్చింది.

వాళ్ళ తరఫున ముందు నడిచేవాడు పాక్ హెంద్రవాన్; అక్కడ పెద్దమనిషిని పాక్ అంటారు, పెద్దావిడని ఇబు అంటారు. బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. మాట మెత్తన, పట్టు గట్టిది. గోడలు బీటలిస్తున్నాయనేవాడు, భార్యకి రక్తపోటనేవాడు. ముర్తినా కుడి చెవితో అన్నీ విన్నది.

ఒకనాడు కాలనీలో ఉండే నర్సు ఒక్కతే వచ్చింది, పేరు రాత్రి. అరుగు మీద ఖాళీ ఉన్నది ఎడమపక్క కావడంతో అక్కడే కూర్చుంది.

"నాకు నైట్ డ్యూటీలు ఇబు. ఇంటికొచ్చి నడుం వాల్చేసరికి మీరు కొడుతూనే ఉంటారు. నిద్ర లేక మొన్న ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వబోయాను. చెయ్యి దాకా వెళ్ళి ఆగాను." ఏడవలేదు. అలసిపోయి గోడకి ఆనుకుంది. "మీ పని ఆపమని నేననను. కొంచెం తగ్గించే దారి ఏమైనా ఉందా?"

ఆ మాట ముర్తినాకి పూర్తిగా వినపడింది. ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు.

సాయంత్రం ఊరిపెద్ద పాక్ విగ్న్యో దగ్గరికి తనే వెళ్ళి, వెనకవైపు కిటికీలు మూసేస్తానంది. మర్నాడే హెంద్రవాన్ మనుషులు చెక్కలు, మందపాటి స్పాంజి తెచ్చి బిగించారు. కిటికీలకే కాదు, కప్పుకింద పొగపోయే సందులకి కూడా.

"పొగ ఎటు పోతుంది వదినా?" అన్నాడు సర్ది.

"తలుపులోంచి పోతుంది."

"వేడి?"

ఆమె తడిగుడ్డ ఒకటి అతని చేతికిచ్చింది.

కాలనీకి నిద్ర పట్టింది. హెంద్రవాన్ భార్య ఒక పళ్ళెం నిండా తియ్యటి కొబ్బరి పిండివంటలు పంపింది. లోపల మాత్రం నలుగురూ చొక్కాలు విప్పి, తడిగుడ్డలు తలకి చుట్టుకుని కొడుతున్నారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నారు. గోడలకి తగిలిన చప్పుడు బయటికి పోయే దారిలేక మళ్ళీ వాళ్ళ చెవుల్లోకే వచ్చి పడుతోంది. వాళ్ళు ముర్తినాని ఏమీ అనలేదు. ఆమె మాటిచ్చింది కదా.

నిశ్శబ్దం ఊరికే రాదు. ఎవరో ఒకరు దాన్ని ఒంటిమీద మోస్తేనే ఇంకొకరి ఇంట్లో అది ఉంటుంది.

నాలుగోనాడు సమ్మెట ఎత్తిన సర్ది దాన్ని దించలేదు. కళ్ళు తేలేసి పక్కకి ఒరిగాడు. కుడి చెయ్యి మోచేతిదాకా నిప్పుల్లో పడింది. ముర్తినా పట్టుకారు వదిలేసి అతన్ని నడుం పట్టి లాగింది. చర్మం కాలిన వాసన పోదామన్నా పోయే దారి లేదు.

కేకలు విని ముందుగా పరిగెత్తుకొచ్చింది నర్సు రాత్రే. చెయ్యి చల్లటి నీళ్ళలో పెట్టించింది, శుభ్రమైన గుడ్డ వదులుగా చుట్టింది, బండి పిలిపించింది. గదిలోకి తొంగి చూసింది. కొత్తగా వేసిన స్పాంజి అంచులు వేడికి ముడుచుకుపోయి ఉన్నాయి.

సర్దిని ఆసుపత్రిలో పడుకోబెట్టి వచ్చిన ముర్తినా కాళ్ళు కూడా కడుక్కోలేదు. గునపం తీసుకుంది. చెక్కలన్నీ తనే పీకింది. ఒక్కొక్క దాన్నీ గోడమీంచి కాలనీవైపు విసిరేసింది.

రెండురోజులకి ఊరి మంటపంలో సమావేశం పెట్టారు. చాపలు పరిచారు, టీ గ్లాసులు, వేయించిన సోయా తెంపే పళ్ళేలు. ఒకవైపు కాలనీవాళ్ళు. ఇంకోవైపు ఊళ్ళో మిగిలిన కొలుముల వాళ్ళు, తలలు వంచుకుని. మధ్యలో విగ్న్యో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"సర్దికి జరిగినదానికి మేమంతా బాధపడుతున్నాం," అన్నాడు హెంద్రవాన్. "కానీ ఇబు, కిటికీలు మూస్తానని మీరే ఒప్పుకున్నారు. ఇప్పుడు పీకేశారు. మాట తప్పిందెవరు?"

"నేనే తప్పాను. మళ్ళీ మూయమంటే మళ్ళీ తప్పుతాను."

"అలా అంటే ఎలా? హైవే పక్కన సర్కారు షెడ్లున్నాయి. విశాలంగా ఉంటాయి. ఊరి మధ్యలో ఈ పనేంటండీ ఈ కాలంలో?"

"మేము ఊరి మధ్యలో లేం. ఊరి చివరున్నాం. మా వెనక చేలో కప్పలుండేవి. అవీ రాత్రంతా అరిచేవి. మేమెప్పుడూ సంతకాలు చేయించలేదు, అవీ చేయించలేదు."

కొలుములవైపు ఎవరో కిసుక్కుమన్నారు. తుకిజాన్ అనే ముసలి కంచరి టీ గ్లాసులోకి చూస్తూ, "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి," అని గొణిగాడు.

"సామెతలు టీ గ్లాసుకి చెప్పకు తుకిజాన్ బాబాయ్," అంది ముర్తినా. "లేచి వాళ్ళకి చెప్పు. ఇవాళ నా కిటికీ. రేపు నీది."

తుకిజాన్ లేవలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"చూడండి పాక్ హెంద్రా," అంది ఆమె. "నేనూ ఈ ఊరికి వెనక వచ్చినదాన్నే. మొదటిరోజు భయంతో వీధిలోకి పరిగెత్తాను. నెల్లాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని ఏడ్చాను. అయినా మా అత్తని కొలిమి ఆర్పమని అడగలేదు. చప్పుడు దగ్గరికి నేనొచ్చాను, చప్పుడు నా దగ్గరికి రాలేదు."

"మాకు ఇల్లు చూపించినప్పుడు చప్పుడే లేదు," అంది వెనకనుంచి ఒకావిడ. "అంత మోసం ఎవరికి తెలుసు?"

"ఎప్పుడు చూపించారు?"

"ఉపవాసాల నెలలో."

ముర్తినా ఆవిడవైపు తిరిగింది. "ఆ నెలంతా మా కొలుములు చల్లగా ఉంటాయి. నోట్లో నీటిచుక్క లేకుండా నిప్పు ముందు సమ్మెట ఎవరు వేస్తారు? ఇళ్ళమ్మే కుర్రాడు ముందే వచ్చి నన్నడిగాడు, మీకు సెలవులెప్పుడమ్మా అని. చూడ్డానికొస్తాడు కాబోలనుకున్నా. కూర్చోబెట్టి టీ ఇచ్చి అంతా చెప్పాను. వాడు ఆ నెలే మిమ్మల్ని తీసుకొచ్చాడు. మీకమ్మింది మా ఉపవాసం."

కాలనీవైపు గుసగుసలు లేచాయి. హెంద్రవాన్ మొహం ఎర్రబడింది. "మాకు తెలుసు. ఎప్పుడో తెలిసింది. కంపెనీ చుట్టూ ఏడాది తిరిగాం. ఆఫీసుకి తాళం. ఫోను ఎత్తరు."

"అందుకని?"

అతను విగ్న్యో వైపు చూశాడు. జవాబు చెప్పింది నర్సు రాత్రి. "అందుకని మీ దగ్గరికొచ్చాం ఇబు. మీరు దొరుకుతారు కాబట్టి."

"ఆ పిల్లకున్న ధైర్యం మీకెవరికీ లేదు," అంది ముర్తినా. "అందిన చెంప వాయిస్తున్నారు. మోసగాడి చెంప అందకపోతే నా చెంప ఎందుకు వాయాలి? నా మరిది చెయ్యెందుకు కాలాలి?"

"కానీ నాకు నిద్ర కావాలి," అంది రాత్రి నెమ్మదిగా. "అది మారలేదు. మీ వాళ్ళ బాధ కళ్ళారా చూశాను. అయినా రేపు పొద్దున నాకు నిద్ర కావాలి."

"కావాలమ్మా. నిద్ర లేకపోతే మనిషి చస్తుంది. అమ్మినవాడి మీద కేసు పెట్టు, సాక్ష్యానికి నేనొస్తా. వాడికి టీ ఇచ్చిన చేత్తోనే వేలిముద్ర వేస్తా. కానీ నా మనుషుల్ని పెట్టెలో పెట్టి కాల్చి నీకు నిద్ర ఇవ్వలేను. ఇంక ఇవ్వను."

విగ్న్యో గొంతు సవరించుకున్నాడు. "ఇబు ముర్తినా, అందరం కలిసి ఒక మాటకొద్దాం. అదే కదా మన పద్ధతి. అంతవరకూ కొన్నాళ్ళు ఆపండి."

"వొనొగిరి ఊరి బొమ్మలాటవాళ్ళ పెద్ద గంట సగంలో ఉంది. రేపు కాలుస్తాం."

"పోలీసుల్ని తీసుకురావాల్సొస్తుంది నేను."

"తీసుకురండి. వాళ్ళకీ టీ పెడతాను."

విగ్న్యో రాసుకొచ్చిన ఒప్పందం కాగితం సంతకం లేకుండా చాపమీద అలాగే ఉంది. ఆమె దాన్ని దాటుకుని వెళ్ళిపోయింది. ఆ మంటపంలో ఎదుటివాళ్ళ మొహం మీద ఇలా కాదన్నవాళ్ళు అంతకుముందు లేరు. ఇష్టం లేనప్పుడు 'చూద్దాం' అని లేవడమే అక్కడ మర్యాద. ఆమె నేరుగా కొలిమివైపు నడిచింది. వెనక్కి తిరగలేదు.

మర్నాడు కోడి కూయకముందే కొలిమి రాజేశారు. సమ్మెట మనుషులు ముగ్గురే. నాలుగోవాడి కోసం ఊళ్ళో ముగ్గురిని అడిగితే ముగ్గురికీ ఆ పూటే నడుం నొప్పి వచ్చింది. ముగ్గురితో పెద్ద గంట సాగదు. దెబ్బల మధ్య ఖాళీ పడితే కంచు చల్లారిపోతుంది.

సర్ది ఆసుపత్రి నుంచి వచ్చి, కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని లోపల గోడవార కూర్చున్నాడు. పడుకోమంటే వినలేదు.

ముర్తినా తన పీట అతనివైపు జరిపింది. "కళ్ళు బాగానే ఉన్నాయిగా. ఎరుపు నువ్వు చూడు."

"మరి నువ్వు?"

ఆమె గోడకి ఆనించి ఉన్న అతని సమ్మెట అందుకుంది. చీర కొంగులాంటి పొడుగాటి పైగుడ్డని నడుముకి బిగించి కట్టింది.

"వదినా, ఆడది సమ్మెట పడితే..."

"గంట పగులుతుందా? అప్పుడు నిప్పు దగ్గరా ఇదే అన్నారు. కొత్త మాట ఏదైనా ఉంటే చెప్పు."

మిగతా ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెద్దవాడు ఒకడుగు జరిగి ఆమెకి చోటిచ్చాడు.

మొదటి నాలుగు దెబ్బలూ వరస తప్పాయి. ఆమె సమ్మెట పక్కవాడి సమ్మెటకి తగిలి నిప్పురవ్వలు లేచాయి. రెండో కాపుకి భుజాలు మండుతున్నా చెయ్యి లయలో పడింది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. చల్లగాలి లోపలికొస్తోంది, చప్పుడు బయటికి పోతోంది.

కాలనీలో ఒక దీపం వెలిగింది. ఇంకోటి. కాసేపటికి వాకిట్లో గేటు దబదబా మోగింది. బొగ్గులు ఎగదోస్తున్న మనిషి వెళ్ళి చూసొచ్చాడు.

"ఊరిపెద్ద వచ్చాడు. హెంద్రవాన్, ఒక పోలీసాయన కూడా. ఇప్పుడే మాట్లాడాలిట."

ముర్తినా చెమట తుడుచుకుంది. నిప్పుల్లోని కంచు మామిడిపండు రంగుకి తిరుగుతోంది.

"ఎర్రగా ఉంది. నల్లబడేదాకా కూర్చోమను," అంది. "అరుగు మీద చాప వెయ్యి."

"ఆగకపోతే లోపలికొస్తామంటున్నారు."

"తలుపు తీసే ఉందిగా. వచ్చి నాలుగో సమ్మెట ఎవరైనా పడతారేమో అడుగు, నాకూ చేతులు పోతున్నాయి."

ఆ మనిషి గేటువైపు వెళ్ళాడు. సర్ది ముందుకి వంగి, కళ్ళు చిట్లించి నిప్పులోకి చూశాడు.

"లాగండి," అన్నాడు.

ఆమె సమ్మెట ఎత్తింది.