నీ చేతులైనా చల్లగున్నవా

ఆ పాటని ఇప్పటికి పదకొండు లక్షలమంది విన్నారు. కింద ఆమెన్లు, జోడించిన చేతుల బొమ్మలు, కన్నీళ్లు కార్చే మొహాలు బారులు తీరి ఉంటాయి. రాసిన మనిషి పేరు కూడా ఉంది, వెతికితే కనపడేంత చిన్న అక్షరాల్లో: సహోదరి సలోమి, గుంటూరు జిల్లా. ఆ సహోదరికి ఆ పాట చెవిన పడితే ఒళ్లు మండిపోతుంది. పక్కింటివాళ్లు ఫోన్లో పెట్టుకుంటే గోడ దగ్గరికి వెళ్లి ఆపమని కేకేస్తుంది. తన పాట తనకే గిట్టదా అని తెలియనివాళ్లు విడ్డూరంగా చూస్తారు. చివరి చరణం ఆమెది కాదు. ఆ చరణం పచ్చి అబద్ధం.

సలోమమ్మది ప్రత్తిపాడు దగ్గర ఒక ఊరు. భర్త కోటేష్ తాపీమేస్త్రి, తుళ్లూరు వైపు పనులకు పోయి వారానికోసారి ఇంటి మొహం చూస్తాడు. ఆమె ఏడాదిలో ఎనిమిది నెలలు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీస్తుంది. మూతికి గుడ్డ కట్టుకుని, రాశి చుట్టూ పాతికమంది ఆడవాళ్లు కూర్చుంటారు. ఎడమచేతిలో కాయ, కుడిచేతి గోరుతో తొడిమ, చిటుక్కున విరవడం, కాయ ఒక పక్కకి, తొడిమ ఒక పక్కకి. ఆ చిటుకుల మీదే ఆమెకు పాట వస్తుంది. కాగితం ముందేసుకుని కూర్చుంటే ఒక్క ముక్క రాదు. చదువు అయిదో తరగతి. కట్టిన పాట మర్చిపోకుండా దాచిపెట్టే పని పక్కన కూర్చునే మస్తాన్‌బీది. ఆవిడ నమాజు తప్పని మనిషి. అయినా సలోమమ్మ పాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. మాట మారితే తొడిమ విసిరి మరీ సరిదిద్దుతుంది.

అన్నీ జరిగినవాటి మీద కట్టిన పాటలే. కూలీలతో వెళుతున్న ట్రాక్టరు కాలవలో తిరగబడి అందరూ బతికినప్పుడు ఒకటి. కోటేష్ తాగుడు మానేసినప్పుడు ఒకటి, మళ్లీ మొదలెట్టినప్పుడు ఇంకొకటి. ఆ రెండోదాంట్లో దేవుణ్ణి నిలదీసింది, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం ఏం మర్యాద అని. దేవుడితో ఆమె మాట్లాడే తీరు ప్రార్థనా మందిరంలో పెద్దలకు ఎప్పుడూ నచ్చలేదు. ఆమె లెక్కచెయ్యలేదు.

రెండేళ్ల కిందట దసరా సెలవుల్లో కూతురు కెజియాకి జ్వరం వచ్చింది. ఏడేళ్ల పిల్ల. మూడోరోజు పాస్టరు జయశీల్ ఇంటికొచ్చి, పిల్ల తల మీద చేయి పెట్టి గట్టిగా ప్రార్థన చేసి, జ్వరం విడిచిపోయిందమ్మా, నమ్ము, అన్నాడు. సలోమమ్మ నమ్మింది. నమ్మింది గనకే పిల్లని అత్త దగ్గర వదిలి మర్నాడు పనికి పోయింది. సాయంత్రం పిల్ల తెలివిలో లేదని ఫోనొస్తే, షెడ్డులోంచి అలాగే ఆటో ఎక్కింది.

మిరపకాయల పని చేసే ఏ ఆడదైనా ఇంటికి రాగానే ముందు మజ్జిగతో చేతులు కడుక్కుని, నూనె రాసుకుని, ఆ తర్వాతే పిల్లల్ని ముట్టుకుంటుంది. ఇది ఒకరు నేర్పేది కాదు, చంటిబిడ్డ ఒక్కసారి గుక్కపెట్టి ఏడిస్తే జన్మకి గుర్తుంటుంది. ఆ రోజు సలోమమ్మ మర్చిపోయింది. గుమ్మంలోంచి ఒక్క ఉదుటున వెళ్లి పిల్ల మొహం రెండు చేతులా తుడిచింది. కళ్లు, పెదాలు, ముక్కు. కెజియాకి అప్పుడు తెలివొచ్చింది. మంటకి. "అమ్మా, ముట్టుకోవద్దే" అంది. ఆసుపత్రికి పోయే దారి పొడుగునా తల్లి చేయి దగ్గరికొస్తే మొహం తిప్పుకుంది. గుంటూరులో డెంగీ అన్నారు, నిన్న తేవాల్సింది అన్నారు. తెల్లారేసరికి పిల్ల పోయింది.

పదహారు రోజులు సలోమమ్మ నోరు విప్పలేదు. పదిహేడో రోజు షెడ్డుకి వచ్చి రాశి దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం దాకా చిటుకులే. ఆ తర్వాత ఉన్నట్టుండి అందుకుంది.

*నా చేతులు మండుతున్నవి నాయనా*
*నీ చేతులైనా చల్లగున్నవా*
*నే తాకితే నా బిడ్డ ఏడ్చెను*
*నువ్వు తాకితే నీకేమి పోయెను*

పాతికమంది చేతులు ఆగిపోయాయి. పని చేయించే గుమాస్తా కూడా కసరకుండా బయటికి పోయాడు. అంతే పాట. దానికి రెండో చరణం లేదు, జవాబూ లేదు. ఒక్కొక్కరు ఎవరి బిడ్డనో, ఎవరి చావునో తలుచుకుని దాన్ని పాడుకోవడం మొదలుపెట్టారు. మస్తాన్‌బీ పాడింది, ఇరవై ఏళ్ల కిందట పోయిన కొడుకుని తలుచుకుని.

కెజియా సంవత్సరీకపు ప్రార్థన కూటంలో ఆడవాళ్లు ఈ పాట పాడితే జయశీల్ గారు విన్నాడు. ఆయనకి చెవి ఉంది, కాదనలేం. ఈ పాట జనంలోకి వెళుతుందని అక్కడికక్కడే కనిపెట్టాడు. రికార్డింగు చేయిస్తానన్నాడు. సలోమమ్మకీ సంతోషమే వేసింది, బిడ్డ పేరున ఒక పాట నిలబడుతుందని. నెల తర్వాత వీడియో వచ్చింది. గుంటూరు నుంచి తెచ్చిన సన్నగొంతు అమ్మాయి, వెనక వయొలిన్లు, కొండల మీద మబ్బులు. పాట చివర కొత్త చరణం.

*తాకితివి నా ప్రాణప్రియుడా*
*తాపమంతయు తొలగిపోయెను*
*లేపితివి నా ముద్దుబిడ్డను*
*లేని ఆనందమే కలిగెను*

పాటకి ముందు జయశీల్ గారి సాక్ష్యం. ఒక పేద సహోదరి బిడ్డ మరణపడక మీద ఉండగా ఆమె ఈ పాటతో ప్రభువుని అడిగిందట. ఆ పాట పాడుతూ బిడ్డని తాకగానే జ్వరం విడిచిందట.

సలోమమ్మ ఆ పూటే మందిరానికి వెళ్లి అడిగింది, నా పిల్ల ఎక్కడ లేచిందో చూపించమని. ఆయన నొచ్చుకోలేదు, నవ్వాడు. పరదైసులో లేచిందమ్మా, అక్కడ జ్వరముందా, మంటుందా, అది స్వస్థత కాదా అన్నాడు. ప్రశ్నతో ఆగిపోతే వినేవాళ్లు అవిశ్వాసంలో పడిపోతారన్నాడు.

"అవిశ్వాసమైతే నేనెందుకు అడుగుతానయ్యగారూ," అంది సలోమమ్మ. "లేనివాడితో ఎవరన్నా పోట్లాడతారా?"

ఆయన నీకోసం ప్రార్థిస్తానని చెప్పి పంపేశాడు.

అసలు నరకం తర్వాత మొదలైంది. సలోమమ్మ చేతుల్లో వరం ఉందని పేరు పడింది. ఎక్కడెక్కడి నుంచో ఊరు కనుక్కుంటూ వచ్చేవాళ్లు. గుమ్మంలో పిల్లల్ని పడుకోబెట్టి తాకమనేవాళ్లు. ఏ చేతుల్ని చూస్తే ఆమెకి నిద్ర పట్టదో, ఆ చేతుల్ని పట్టుకుని కళ్లకద్దుకోబోయేవాళ్లు. ఆమె తిట్టేది. తిట్టినా వరమున్న మనిషి కోపం కూడా మంచిదేనని దణ్ణం పెట్టిపోయేవాళ్లు. ఇంత ఖర్మ పగవాడికి కూడా వద్దు.

మొన్న అక్టోబరులో పర్చూరు నుంచి శ్రీదివ్య అని ఒకమ్మాయి వచ్చింది, భుజం మీద నాలుగేళ్ల పిల్లతో. ఆటో దిగీ దిగగానే కాళ్ల మీద పడింది. పిల్లకి అయిదు రోజులుగా జ్వరమట. వీడియో చూసి వచ్చిందట. సలోమమ్మ అప్పుడే షెడ్డు నుంచి వచ్చి నిలబడి ఉంది, చేతులు కడుక్కోలేదు. పిల్ల మొహం చూసింది. అదే వాడిన మొహం, అవే ఎర్రటి కళ్లు. రెండు చేతులూ వీపు వెనక్కి దాచేసుకుంది.

"ఒక్కసారి తాకండమ్మా," అంది శ్రీదివ్య. "మీ పాప లేచిందంటగా."

"నా పాప చచ్చిపోయింది," అంది సలోమమ్మ. "లే. ఆసుపత్రికి పద."

శ్రీదివ్య నమ్మలేదు. మేం వేరే మతం వాళ్లమనేగా, అడిగినంత ఇవ్వలేమనేగా అని నోటికొచ్చినట్టు అంది. సలోమమ్మ కూడా తక్కువ తినలేదు, వీధి వీధంతా బయటికొచ్చేలా తిట్టింది. తిడుతూనే వెళ్లబోతున్న ఆటోకి అడ్డంపడి, తల్లీపిల్లల్ని పక్కింటివాళ్లచేత అందులోకి తోయించి, తనూ ఎక్కింది. గుంటూరు దాకా పిల్ల తల ఊగిపోతున్నా చేయి వెయ్యలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని, డ్రైవరు మీద అరుస్తూనే ఉంది.

డెంగీయే. పిల్ల బతికింది.

ఆ వార్త జయశీల్ గారికి చేరింది. రెండు ఆదివారాల తర్వాత శ్రీదివ్యనీ పిల్లనీ మందిరంలో వేదిక ఎక్కించాడు. కెమెరా పెట్టించాడు. సలోమమ్మ పాట రెండో బిడ్డని లేపిందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. శ్రీదివ్య చేతికి మైకు అందించాడు.

ఆడవాళ్ల వరసలోంచి సలోమమ్మ లేచింది.

"ఆ పిల్లని నేను ముట్టుకోలేదు," అంది. మైకు అక్కర్లేని గొంతు ఆమెది. "బతికించింది సెలైను. నా కెజియా మొన్న నాలుగో తారీకుకి పోయి రెండేళ్లు. జ్వరం విడిచిందని అయ్యగారు చెబితే నమ్మి పనికి పోయాను. అదీ నా సాక్ష్యం."

కెమెరా ఆపమన్నారు. ఒక పెద్దాయన కూర్చోమని గద్దించాడు. సహోదరి దుఃఖంలో ఉంది, సాతాను మాట్లాడిస్తున్నాడు అన్నాడు జయశీల్ గారు, కీబోర్డు వాయించే అతనికి సైగ చేస్తూ. క్షమాపణ చెప్పేదాకా మందిరానికి రావొద్దని సాయంత్రం కబురొచ్చింది.

ఆమె మళ్లీ ఆదివారం వెళ్లింది. ఆ మందిరం పునాదికి ఇటుకలు మోసినవాళ్లలో తనూ ఉంది. ఎవరింటికి ఎవరు రావొద్దంటారు? మొదటి వరసలో చాప పరుచుకుని కూర్చుంది. లేపడానికి వచ్చిన ఇద్దరు పెద్దలు ఆమె చూపు చూసి, కుర్చీలు సర్దుతున్నట్టు నటించి వెళ్లిపోయారు. జయశీల్ గారు ఆ రోజు కావాలనే ఆ పాట ఎత్తుకున్నాడు. సలోమమ్మ కూడా అందరితో కలిసి పాడింది. కొత్త చరణం దగ్గరికి రాగానే నోరు మూసుకుంది. ఆమె వెనక తొడిమల పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు ఆగిపోయారు. ఆమె అటు తిరిగి చూడలేదు, ఆగమని ఎవరికీ చెప్పలేదు.

పై ఆదివారం ఆరుగురు ఆగారు. ఆ పై వారం ఆడవాళ్ల వైపు సగం. క్రిస్మస్‌కి ముందు ఆదివారం శ్రీదివ్య కూడా వచ్చింది, పిల్లని ఒళ్లో పెట్టుకుని సలోమమ్మ పక్కనే కూర్చుంది. జయశీల్ గారు పాట మొదలుపెట్టాడు. మందిరం మొత్తం అందుకుంది. చివరి చరణం వచ్చేసరికి ఆడవాళ్లు, వాళ్లని చూసి మగవాళ్లు, ఒక్కసారిగా నోరు మూశారు.

"లేపితివి నా ముద్దుబిడ్డను" అన్న మాట జయశీల్ గారు ఒక్కడే పాడాడు. స్పీకర్లలో ఆయన గొంతు ఆయనకే వినిపించింది. తర్వాతి మాటకి మైకు కిందికి దించాడు. కీబోర్డు కాసేపు దానంతటది మోగి ఆగిపోయింది.

అప్పుడు సలోమమ్మ పల్లవి ఎత్తుకుంది, నీ చేతులైనా చల్లగున్నవా అని. మందిరమంతా అడిగింది.