మౌర్యుల కాలానికి మా బావ సర్దుకున్న కెమెరా

మా బావ పోయినాడన్న సంగతి పోయిన వారం నేను బడిలో ఉండగా తెలిసింది. ఉరవకొండ నుంచి బస్సులో వచ్చిన మా ఊరాయన తరగతి గడప దగ్గర నిలబడి, "అయివారూ, మీ బావ పోయినాడు. తెల్లారుజామున," అన్నాడు. అంతకు మించి ఆయనకూ తెలీదు.

నేను పోయేసరికి మా అక్క గోడకు ఆనుకుని కూర్చోనుండె. "నిన్న గూడా నిన్ను అడిగినాడురా. ఆదివారం వస్తాడులే అని చెప్పినా," అనింది. నేను ఆమె పక్కన కూలబడినాను.

బావకు ఉరవకొండ బజారులో ఫోటో స్టూడియో ఉండేది. ధర్మవరానికి బదిలీ అయ్యేదాకా నేను ఆ ఊరి హైస్కూల్లోనే చరిత్ర చెప్పేవాణ్ణి. మా నాయన పోయినాక నన్ను ఇంట్లో పెట్టుకుని, చదివించి, ఉద్యోగం వచ్చేదాకా ఒక్క మాట అనకుండా సాకినది ఈయనే. ఆ సంగతి ఎత్తబోతే, "ఊరుకోప్పా, ముందు అన్నం తిను," అని మాట మార్చేవాడు.

పందొమ్మిదొందల అరవై దాటినాక వరసగా వానలు ఎగ్గొట్టినాయి. పెండ్లిండ్లు లేవు. ఫోటోలు తీయించుకునే వాళ్లు లేరు. సాయంత్రం బడి నుంచి నేను వచ్చేసరికి బావ స్టూడియో మెట్ల మీద కూర్చోనుండేవాడు. పని లేక అలసిపోయిన మనిషి ఎట్లుంటాడో ఆయనను చూసే తెలుసుకున్నాను. ఆ మెట్ల మీదనే ఒక ఆట మొదలుపెట్టినాడు.

"ఏమప్పా అయివారూ, మౌర్యుల కాలానికి పోయే బస్సొకటి ఉందనుకో. నేను ఏ కెమెరా తీసుకోని పోవాల?"

ఆయన దగ్గర రెండుండేవి. ఒకటి టేకు చెక్కతో చేసిన స్టాండు కెమెరా. నల్లగుడ్డ కప్పుకుని, ఒక్కో ఫోటోకు ఒక్కో గాజు ప్లేటు పెట్టాల. రెండోది సంచిలో పట్టే చేతి కెమెరా. నేను పెద్దదే అనేవాణ్ణి. రాజసభ అంతా స్పష్టంగా పడుతుందని నా వాదన.

"ఏనుగుల దండు వచ్చిందనుకో. నేను స్టాండు ఇప్పేలోగా తొక్కేసి పోతాయి. చిన్నదే మేలు," అనేవాడు బావ. రీళ్లు రేకు డబ్బాలో పెట్టుకోవాల. లెన్సు తుడుచుకునేకి పాత ధోవతి గుడ్డ. అన్నిటి కంటే ముందు, తడి తగలకుండా చుట్టేకి మైనంగుడ్డ.

"మైనంగుడ్డ ఎందుకు బావా?"

"ఆ కాలంలో వానలు కురుస్తాయి గదప్పా."

స్టూడియో వెనకనే ఇల్లు. లోపల్నుంచి మా అక్క, "ఆ పోయేటాయన ఆడ్నే ఉండిపొమ్మని చెప్పురా. బిందె పట్టుకోని బాయి కాడ నిలబడేది నేనే గదా," అనేది. బావ నవ్వేవాడు. ఆ నవ్వు గూడా కొంచెం సేపే.

ఒక వేసవిలో కరువు పనుల ఫోటోలు కావాలని ఒక ఆఫీసరు కబురు పంపినాడు. వజ్రకరూరు దారిలో ఆడోళ్లు కంకర కొడుతుండిరి. బావ చేతి కెమెరాతో పోయి సాయంత్రానికి తిరిగొచ్చినాడు. మెట్ల మీద కూర్చుని చెప్పుల్లోని కంకర దులుపుకున్నాడు. నేనే ఆట ఎత్తినాను.

"పెద్దదే తీసుకోని పోతానప్పా," అన్నాడు.

"ఏనుగులు తొక్కేస్తాయంటివి గదా?"

"ఏనుగులు పోతే పోనీ. ఈ పొద్దు ఒక ముసలామె, సమ్మెట ఎత్తి పట్టుకోని, 'నాయనా, కూసోమంటావా?' అని అడిగింది. వద్దమ్మా, పని చేస్తానే ఉండు, ఇట్లే పడుతుంది అన్నా. ఆమె మళ్లా వంగి రాయి కొట్టుకునింది. చిన్నదాంతో ఎవర్నీ కూర్చోమని చెప్పే పనే లేదు. పెద్దదాని ముందరయితే ఫోటో పడేదాకా కదలకుండా కూర్చోవాల్సిందే. ఆ కాలంలో గూడా రాళ్లు మోసినోళ్లు ఉంటారు గదా?"

"ఉంటారు బావా," అన్నాను.

మరుసటి రోజు బడికి సెలవు. బావ స్టాండు కెమెరాను సైకిలు వెనక కట్టినాడు. ప్లేట్ల పెట్టె నేను ఒళ్లో పెట్టుకోని ముందర కడ్డీ మీద కూర్చున్నాను. ఎండ అప్పటికే నెత్తికెక్కింది.

కంకర కొట్టే కాడ మేస్త్రీ అడ్డమొచ్చినాడు. "నిన్ననే ఫోటోలు తీసుకోని పోతివి గదా?"

"అవి ఆఫీసరుకు నచ్చలేదంట," అని బావ చిన్న అబద్ధం ఆడినాడు. ఒక చదునైన రాయి చూసి, ఎదురుగా స్టాండు నిలబెట్టి, ఒక్కొక్కరినే పిలిచినాడు. వాళ్లు కొంగుతో మొగం తుడుచుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఆయన గుడ్డ కింద దూరి, బయటికొచ్చి, స్టాండు జరిపి, మళ్లా దూరి, చేతనైనంత ఆలస్యం చేసేవాడు.

నిన్నటి ముసలామె అందర్నీ ముందు పంపించి, చివరికి వచ్చింది. నేను పెట్టె చూసినాను. ఖాళీ.

బావ ఆమె దగ్గరికి పోయి, "ప్లేట్లు అయిపోయినాయి పెద్దమ్మా. నీది పడదు," అన్నాడు.

"పడకపోతే పాయ. నేను కూసుంటా. నువ్వు ఆ గుడ్డ కప్పుకో నాయనా."

బావ ఒక నిమిషం ఆమెనే చూసి, వచ్చి గుడ్డ కప్పుకున్నాడు. ఆమె సమ్మెట పక్కన పెట్టి, రాయి మీద కాళ్లు చాపి కూర్చునింది. చేతులు ఒళ్లో పడినాయి. కొంచేపటికి కునుకు పట్టి, తల మెల్లగా భుజం మీదికి వాలింది. మేస్త్రీ దూరం నుంచి కేకేసినాడు. మళ్లా కేకేసినాడు. బావ తల బయటికి పెట్టలేదు. నల్లగుడ్డ కింది నుంచి ఆయన చెయ్యి ఒకటి మేస్త్రీ వైపు బయటికొచ్చి, ఉండప్పా, ఉండు అన్నట్టు ఎండలో ఊగుతా ఉండె.