నడి నీళ్లలో చిక్కుకున్న రెక్క

కొల్లాపూర్‌లో ఆడవాళ్ల ఫంక్షన్ల ఫొటోలకు, డ్రోన్ వీడియోలకు గజాలానే పిలుస్తారు. డ్రోన్ కిందికి దిగగానే ఆమె చేసే మొదటి పని, దాని నాలుగు రెక్కలనూ నొక్కి తిప్పి ఊడదీయడం. ఒక్కోదాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, అంచు వెంబడి గోటితో రాస్తుంది. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ రెక్కను మళ్లీ బిగించదు. పెళ్లికూతుళ్లు ఎంత తొందరపెట్టినా ఈ పని మాత్రం నెమ్మదిగానే సాగుతుంది.

ఆ మధ్యాహ్నం పెళ్లికూతురు భార్గవి వీడియో కోసం ఆమె, గజాలా బాలకిష్టయ్య నడిపే పడవలో కృష్ణా నది మీదికి వెళ్లారు. డ్రోన్ నది మధ్యలో నీళ్లను తాకేంత కిందుగా తిరిగి వచ్చింది. ఒక రెక్క మొదలు దగ్గర తెల్లటి వెంట్రుక చుట్టుకొని ఉంది. పడవలో తెల్లజుట్టు ఎవరికీ లేదు. బాలకిష్టయ్యది నున్నటి బట్టతల. గజాలా దాన్ని విప్పుతూ పోయింది. మూరెడు దాటినా కొస దొరకలేదు. వెంట్రుక పడవ అంచు మీదుగా నీళ్లలోకి దిగి ఉంది. కొంచెం లాగి చూసింది. అవతలి నుంచి కూడా ఎవరో మెల్లగా లాగారు.

"కోసెయ్యి అక్కా," అంది భార్గవి, పడవ మధ్యకు జరుగుతూ.

"వద్దు బిడ్డా," అన్నాడు బాలకిష్టయ్య. "డ్యాం కట్టినప్పుడు మా ఊరు గాడనే మునిగింది. మా అమ్మ ఇల్లిడిచి రాలే."

గజాలా వెంట్రుకతో సహా ఆ రెక్కను ఊడదీసి నీళ్లలో వదిలింది. అది గాలికి ఎదురుగా నది మధ్యకు పోయింది. బాలకిష్టయ్య పడవ ఇంజన్ వేయలేదు.

"ఇంజనేస్తే కింద ఫ్యాను తిరుగుతది గదా, అమ్మ జుట్టు సుట్టుకుంటది," అని తెడ్డు అందుకున్నాడు.